హాలు మార్కర్ స్మారకంగా పూల్ టోర్నమెంటు ఎలా నడపాలి?

నమస్కారం. రాజమహేంద్రవరంలో మీరు ఆడే హాల్లో ఇరవై ఏళ్లకు పైగా మార్కర్‌గా, అంటే బాల్స్ పేర్చి టేబుళ్లు చూసుకునే మనిషిగా, పనిచేసిన పెద్దాయన నిరుడు కన్నుమూశారని, ఆయన పేరిట ఒక పూల్ టోర్నమెంటు పెట్టి కుటుంబానికి కొంత సాయం అందించాలనుకుంటున్నారని రాశారు. హాల్లో ఎనిమిదడుగుల పూల్ టేబుళ్లు మూడు, స్నూకర్ టేబుల్ ఒకటి ఉన్నాయన్నారు. ఇప్పటికే ముప్పై మంది పేర్లు ఇచ్చారు కాబట్టి ఒక్క ఆదివారంలో డబుల్ ఎలిమినేషన్ పద్ధతిలో (రెండుసార్లు ఓడితేనే పోటీ నుంచి బయటికి) ముగించగలమా, ఎంట్రీ ఫీజు, బహుమతులు ఎలా ఉండాలి, ఆయన వాడిన క్యూను (ఆట కర్రను) విజేతకు ఇవ్వవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. సికింద్రాబాద్‌లో మా హాల్లో ఒక మిత్రుడి పేరిట పన్నెండేళ్లుగా ఇలాంటి టోర్నమెంటు నడుపుతున్నాను కాబట్టి, తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను. ఇరవై నలుగురు ఆటగాళ్లు, మూడు టేబుళ్లు, డబుల్ ఎలిమినేషన్, ప్రతి మ్యాచూ బెస్ట్ ఆఫ్ సెవెన్, అంటే ఏడు ఫ్రేముల్లో (ఆటల్లో) ముందుగా నాలుగు గెలిచినవారిదే మ్యాచ్. కాగితం మీద చూడముచ్చటగా ఉంది. ఉదయం పదింటికి మొదలైన ఆట ముగిసేసరికి రాత్రి రెండు దాటింది. కప్పు అందించడానికి వచ్చిన మా మిత్రుడి తల్లి ప్లాస్టిక్ కుర్చీలో రాత్రి పదిన్నర దాకా కూర్చుని, ఇక కూర్చోలేక, పెద్దకొడుకు చెయ్యి పట్టుకుని ఇంటికి వెళ్లిపోయారు. ఫైనల్ ముగిసే వేళకు హాలు యజమాని కూడా లేడు. కప్పును టీ తెచ్చే కుర్రవాడి చేత ఇప్పించాం. గెలిచినవాడు ఏమీ అనలేదు గానీ, ఎవరి పేరు మీద ఆడామో ఆ ఇంటివాళ్లు లేకుండా కప్పు ఇచ్చిన సంగతి నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. అందుకే ఎవరు అడిగినా, కప్పు ఎంత ఎత్తు ఉండాలన్న ఆలోచన కన్నా ముందు, కుటుంబం ఎన్నింటిదాకా ఉండగలదో అడిగి తెలుసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రమ్మని చెబుతాను.

ఆ లెక్క ఇలా ఉంటుంది. సమాన బలం ఉన్న ఇద్దరు ఆడితే బెస్ట్ ఆఫ్ ఫైవ్ మ్యాచ్ సగటున నాలుగు ఫ్రేములకు కాస్త పైన ముగుస్తుంది. అదే బెస్ట్ ఆఫ్ సెవెన్ అయితే దాదాపు ఆరు ఫ్రేములు పడుతుంది. మన హాళ్లలో ఆడే మామూలు ఆటగాళ్లకు ఎయిట్ బాల్ (తన ఏడు బాల్స్ పడ్డాక ఎనిమిదో నంబరు నల్ల బాల్‌ను వేసినవారు గెలిచే పూల్ ఆట) ఫ్రేముకు తొమ్మిది నిమిషాలు వేసుకోండి. పేరు పిలవడానికి, క్యూ జోడించుకోవడానికి, రెండు బాల్స్ కొట్టి చూసుకోవడానికి మరో అయిదు నిమిషాలు కలపండి. బెస్ట్ ఆఫ్ ఫైవ్‌కు నలభై రెండు నిమిషాలు, బెస్ట్ ఆఫ్ సెవెన్‌కు దాదాపు గంట అవుతాయి. ఇక మ్యాచుల సంఖ్య: నాకౌట్‌లో ఆటగాళ్ల సంఖ్య కంటే ఒకటి తక్కువ, డబుల్ ఎలిమినేషన్‌లో దాదాపు దానికి రెట్టింపు. ముప్పై రెండు మందికి నాకౌట్ అయితే 31 మ్యాచులు, డబుల్ అయితే 62. అరవై రెండు మ్యాచులను బెస్ట్ ఆఫ్ ఫైవ్‌గానే ఆడించినా నలభై మూడు టేబుల్-గంటలు కావాలి. మీ మూడు టేబుళ్ల మీద అది పద్నాలుగు గంటలకు పైనే. పైగా చివరి రౌండ్లలో ఒక మ్యాచ్ తేలితే గాని రెండోది మొదలు కాదు కాబట్టి, రెండు టేబుళ్లు ఖాళీగా ఉండగా ఒక టేబుల్ మీదే ఆట సాగుతుంది. ఈ చివరి ఆలస్యాన్ని కొత్తగా నిర్వహించేవారు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేనూ తీసుకోలేదు.

కాబట్టి ఒక్క ఆదివారంలో ముప్పై మందితో డబుల్ ఎలిమినేషన్ కుదరదు. అలాగని వట్టి నాకౌట్ పెట్టడం కూడా నాకు ఇష్టం లేదు. సగం మంది ఒక్క మ్యాచ్ ఆడి, మధ్యాహ్న భోజనానికి ముందే ఇళ్లకు వెళ్లిపోతారు. ఆ మార్కర్ పేర్చిపెట్టిన బాల్స్‌తో ఆట నేర్చుకున్నవాళ్లలో బలహీనమైన ఆటగాళ్లే ఎక్కువ మంది ఉంటారు, వాళ్లు ఆయన కోసమే వస్తారు. వాళ్లను గంటలో పంపించేయడం బాగుండదు. నేను కొన్నేళ్లుగా పాటిస్తున్న పద్ధతి ఏమిటంటే, ప్రధాన పోటీని నాకౌట్‌గా ఉంచి, మొదటి మ్యాచులో ఓడినవారందరికీ విడిగా ప్లేట్ పోటీ పెట్టడం. ఎవరికైనా కనీసం రెండు మ్యాచులు దక్కుతాయి. ముప్పై రెండు మందికి ప్రధాన పోటీలో 31, ప్లేట్‌లో 15, వెరసి 46 మ్యాచులు. దీన్ని రెండు రోజులకు పంచండి. శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే ప్రధాన పోటీ మొదటి రౌండులోని పదహారు మ్యాచులూ, ప్లేట్ మొదటి రౌండులోని ఎనిమిదీ రాత్రి పదిలోపు అయిపోతాయి. ఆదివారానికి ఇరవై రెండు మ్యాచులే మిగులుతాయి. పదింటికి మొదలుపెట్టి, సెమీఫైనల్స్‌నూ ఫైనల్‌నూ బెస్ట్ ఆఫ్ సెవెన్ చేసినా, భోజన విరామం ఇచ్చినా, సాయంత్రం ఆరింటికల్లా కప్పు ఇవ్వవచ్చు. రెండు రోజులు హాలు దొరకదంటే, పదహారు మందికే పరిమితం చేసి డబుల్ ఎలిమినేషన్‌ను బెస్ట్ ఆఫ్ ఫైవ్‌గా ఆడించండి. అది ఒక రోజులో పడుతుంది. అయితే మిగతా పద్నాలుగు మందికి ఏం చెబుతారన్నది మీరే తేల్చుకోవాలి.

ముప్పై మందే ఉంటే రెండు ‘బై’లు వస్తాయి, అంటే ఇద్దరు ఆడకుండానే రెండో రౌండుకు వెళతారు. వాటిని బాగా ఆడేవారికి కట్టబెట్టకుండా చీటీల్లోనే కలపండి. బై వచ్చినవారు రెండో రౌండులో ఓడితే వారికి నిజానికి అదే మొదటి ఓటమి, అదే మొదటి మ్యాచ్. అందుకని ప్లేట్‌లో ఖాళీగా ఉన్న రెండు స్థానాలను వారి కోసం ఆదివారం ఉదయం దాకా అట్టిపెట్టండి. చీటీలు తీసే పని శుక్రవారం రాత్రి హాల్లోనే అందరి ఎదుటా చేసి, డ్రా కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి. ఊళ్లో అందరికన్నా బాగా ఆడే ఇద్దరిని మాత్రం డ్రాలో చెరో సగంలో పెట్టడం తప్పు కాదు. పిలిచిన పది నిమిషాల్లో రాకపోతే ఒక ఫ్రేము, పావుగంట దాటితే మ్యాచ్ పోతుందని రాసి, దాన్ని మొదటి రోజే ఎవరో ఒకరి మీద అమలు చేయండి. వీలైతే ఆ ఒక్కరు మీ దగ్గరి స్నేహితుడై ఉండాలి. ఆ తర్వాత రెండు రోజులూ ఎవరూ ఆలస్యంగా రారు.

నిబంధనల విషయం మీరు అడగలేదు గానీ, గొడవలు వచ్చేది అక్కడే. ఎయిట్ బాల్‌ను మన దగ్గర ఒక్కో హాల్లో ఒక్కో రకంగా ఆడతారు. ఒకచోట ఫౌల్ అయితే రెండు షాట్లు ఇస్తారు, మరోచోట తెల్ల బాల్‌ను చేతికిచ్చి ఎక్కడైనా పెట్టుకోమంటారు. బ్రేక్‌లోనే, అంటే పేర్చిన బాల్స్‌ను చెదరగొట్టే మొదటి షాట్‌లోనే, నల్ల బాల్ పడితే ఒక హాల్లో గెలుపు, పక్క వీధిలో ఓటమి. పక్క ఊళ్ల నుంచి ఆటగాళ్లు వస్తారు కాబట్టి, ప్రపంచ పూల్ సమాఖ్య నిబంధనలనే పెట్టి, ముఖ్యమైనవాటిని తెలుగులో ఒక పేజీ రాయించి గోడకు అంటించండి. బ్రేక్‌లో బాల్ ఏదీ పాట్ కాకపోతే (పాకెట్లో పడకపోతే) కనీసం నాలుగు బాల్స్ కుషన్‌కు (టేబుల్ అంచుకు) తగలాలి. బ్రేక్‌లో నల్ల బాల్ పడితే గెలుపూ కాదు, ఓటమీ కాదు. బ్రేక్ చేసినవారు దాన్ని టేబుల్ మీది మచ్చ (స్పాట్) మీద తిరిగి పెట్టించుకోవచ్చు లేదా మళ్లీ బ్రేక్ చేయవచ్చు. బ్రేక్‌లో తెల్ల బాల్ పాకెట్లో పడితే ఎదుటివారు బ్రేక్ చేసే గీత వెనక నుంచే ఆడాలి. ఆ తర్వాతి ఫౌళ్లకు టేబుల్ మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు. బ్రేక్‌లో ఏ బాల్ పడినా నిండు రంగు బాల్స్ ఎవరివి, చారల బాల్స్ ఎవరివి అన్నది అప్పుడే తేలదు. తెల్ల బాల్ మన బాల్‌ను ముందుగా తాకాక ఏదో ఒకటి పాట్ కావాలి, లేదా ఏదో ఒక బాల్ కుషన్‌కు తగలాలి. ఈ చివరి నిబంధన తెలియక సేఫ్టీ (పాట్ చేయకుండా ఎదుటివారికి కష్టమైన ఆట వదిలే షాట్) ఆడబోయి ఫౌల్ చేసేవారే మన దగ్గర ఎక్కువ. ప్రతి టేబుల్‌కూ రిఫరీని పెట్టలేరు కాబట్టి, చొక్కా అంచు తగిలి వేరే బాల్ కదిలితే ఫౌల్ కాదని, దాన్ని తిరిగి పెట్టాలో వద్దో ఎదుటివారు నిర్ణయిస్తారని, తెల్ల బాల్‌ను తాకితే మాత్రం ఫౌలేనని ముందే చెప్పేయండి. నైన్ బాల్ (తొమ్మిది బాల్స్‌తో ఆడే మరో పూల్ ఆట) పెట్టమని కుర్రవాళ్లు అడుగుతారు. చూడటానికి వచ్చే బంధువులకు అర్థమయ్యేది ఎయిట్ బాలే అని నా అభిప్రాయం.

బలమైనవారికీ బలహీనులకూ మధ్య తేడాను సర్దడానికి హ్యాండిక్యాప్ పెట్టాలనుకుంటే, మూడు శ్రేణులు చాలు. మొదటి శ్రేణి ఆటగాడికి మూడో శ్రేణి ఆటగాడు ఎదురైతే, మూడో శ్రేణివారు ఒక ఫ్రేము ముందంజతో మొదలుపెడతారు. అంతకుమించి ఇవ్వకండి. శ్రేణులు నిర్ణయించే పనిని ఆటగాళ్ల కమిటీకి కాక, ఊళ్లోని ఇద్దరు పాత మార్కర్లకు అప్పగించండి. ఎవరు ఎంత ఆడతారో, ఎవరు కావాలని తగ్గించి ఆడతారో వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఒకసారి రాశాక పోటీ ముగిసేదాకా మార్చకూడదు.

టేబుళ్ల సంగతి కొద్ది మాటల్లో చెబుతాను. మూడు టేబుళ్లకూ ఒకే రకం బాల్స్ ఉన్నాయో లేదో ముందు వారమే చూడండి. పూల్ బాల్ వ్యాసం 57.15 మిల్లీమీటర్లు, స్నూకర్ బాల్ 52.5. పోయిన తెల్ల బాల్ స్థానంలో ఎక్కడిదో చిన్నది తెచ్చి పెట్టిన హాళ్లు నేను చాలా చూశాను. అలాంటి బాల్‌తో వెనక్కి లాగే షాట్లు ఒక టేబుల్ మీద ఒకలా, పక్క టేబుల్ మీద ఇంకోలా వస్తాయి. గుడ్డను రోజుకు రెండుసార్లు బ్రష్ చేయించండి. కరెంటు పోతే లైట్లకైనా ఇన్వర్టర్ ఉండాలి. ఇక స్నూకర్ టేబుల్‌కు కవరు కప్పేసి, దాని మీద ఏమీ పెట్టవద్దని కాగితం అంటించండి. పన్నెండడుగుల పొడవున చదునుగా కనిపించేసరికి భోజనం గిన్నెలు పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. మా హాల్లో ఒకసారి సాంబారు గిన్నె ఒరిగింది. కవరు ఆ సాంబారును ఆపలేదు, గుడ్డ మొత్తం మార్పించాల్సి వచ్చింది.

డబ్బు. హాలు యజమానికి ఆదివారమే అసలైన రాబడి కనుక, ‘స్మారకం’ అన్న మాట చెప్పి హాలును ఉచితంగా అడగకండి. మీ దగ్గర గంటకు ₹200 అనుకుంటే, ముప్పై అయిదు టేబుల్-గంటలకు ₹7,000 అవుతుంది. సగానికి ఒప్పుకున్నా మంచి మనసే. టీ, టిఫిన్ల అమ్మకం ఎలాగూ ఆయనదే. ఓడినవారు టేబుల్ డబ్బులు కట్టాలన్న రోజువారీ ఆనవాయితీ ఈ రెండు రోజులూ వర్తించదని పైకి ప్రకటించండి. లేదంటే అలవాటు కొద్దీ కౌంటరు దగ్గర అడుగుతారు, ఓడినవారు నొచ్చుకుంటారు. ఎంట్రీ ₹500 పెడితే ముప్పై మందికి ₹15,000 వస్తుంది. హాలు, కప్పులు, భోజనం, మార్కర్ల కూలి, చిన్న నగదు బహుమతులు అందులోనే సరిపెట్టుకోవాలి. ఆ రెండు రోజులు హాల్లో పనిచేసే మార్కర్లకు మామూలు టిప్పులు రావు. ఒక మార్కర్ పేరిట జరిగే పోటీలో మిగతా మార్కర్లు నష్టపోవడం ఏమీ బాగుండదు కనుక, వారికి రెట్టింపు కూలి ముందే పక్కన పెట్టండి. నగదు బహుమతిని ₹10,000 లోపు ఉంచడం మంచిది. దాటితే 30 శాతం ఆదాయపు పన్నును మూలంలోనే పట్టి కట్టే బాధ్యత నిర్వాహకుల నెత్తిన పడుతుంది.

కుటుంబానికి ఇచ్చే సాయాన్ని ఎంట్రీ ఫీజుతో కలపవద్దు. ‘మిగిలింది ఇస్తాం’ అంటే ఎంత మిగిలిందన్న అనుమానం ఎప్పటికీ తీరదు, పైగా చాలాసార్లు మిగలదు కూడా. విరాళం ఇచ్చేవారు నేరుగా వాళ్లింట్లోవారి ఖాతాకే పంపేలా, వారి అనుమతితో క్యూఆర్ కోడ్ పెట్టండి. నగదు ఇచ్చేవారికి హుండీ పెట్టి, దాన్ని వారి ఎదుటే తెరవండి. జమాఖర్చుల కాగితాన్ని సోమవారం గ్రూపులో పెట్టండి. వేదిక మీద పెద్ద చెక్కు అట్ట పట్టించి ఫొటో తీయడం వద్దని గట్టిగా చెబుతాను. ఆయన బతికున్నంతకాలం అప్పు అడగని మనిషి అయి ఉంటే, ఆ ఫొటో ఆయన భార్యకు ఎలా ఉంటుందో ఆలోచించండి. వేదిక మీద ఆమె చేత కప్పు ఇప్పించండి. డబ్బు సంగతి ఇంటి దగ్గరే పూర్తి కావాలి.

పందేలు కాస్తామని తప్పకుండా ఎవరో ఒకరు వస్తారు. ఆటకు ముందు ఆటగాళ్లను వేలం పాడి, ఆ సొమ్మును గెలిచినవారిని కొన్నవారికి పంచే పద్ధతి ఒకటుంది. అమెరికాలో దానికి మన కలకత్తా పేరే పెట్టుకున్నారు. బాగా డబ్బు పోగవుతుందని అది కూడా సూచిస్తారు. ఒప్పుకోకండి. పూల్ నైపుణ్యంతో ఆడే ఆటే కావచ్చు గానీ, పక్కన నిలబడి ఇతరుల ఆట మీద డబ్బు కాయడం పందెమే. 1974 నాటి గేమింగ్ చట్టం కింద పోలీసులు వస్తే, హాలు యజమానితో పాటు చనిపోయిన మనిషి పేరు కూడా స్టేషన్ కాగితాల్లోకి ఎక్కుతుంది.

తేదీ ఖరారు చేసే ముందు ఇంటివాళ్లను అడగండి. సంవత్సరీకం రోజున, లేదా ఆ తిథికి దగ్గరగా పెడితే వాళ్లు తద్దినం పనుల్లో ఉంటారు, హాలుకు రాలేరు. ఆ తర్వాత వచ్చే శని, ఆదివారాలు మేలు. ఫొటో పెట్టాలా, దండ వేయాలా, దీపం వెలిగించాలా, భోజనంలో మాంసాహారం ఉండవచ్చా అన్నవన్నీ వాళ్ల ఇంటి ఆచారాన్ని బట్టి ఉంటాయి. మా ఊళ్లో మార్కర్లలో ముస్లింలు చాలామంది ఉన్నారు, వాళ్లలో కొన్ని కుటుంబాలు ఫొటోకు దండ వేయడాన్ని ఇష్టపడవు. మనకు తోచిన గౌరవం వాళ్లకు ఇబ్బంది కాకూడదు.

పేరు విషయంలో ఒక సూచన. టోర్నమెంటు ఏటా జరుగుతుందన్న హామీ మీ చేతిలో లేదు. హాళ్లు మూతపడతాయి, స్పాన్సర్లు మారితే టోర్నమెంటు పేర్లూ మారతాయి. ట్రోఫీకి పెట్టిన పేరు అంత తేలిగ్గా పోదు. ఇరవై ఏడేళ్లకే 2006లో క్యాన్సర్‌తో మరణించిన ఇంగ్లండ్ స్నూకర్ ఆటగాడు పాల్ హంటర్ మాస్టర్స్ పోటీని మూడుసార్లు గెలిచాడు. 2016లో ఆ పోటీ ట్రోఫీకే ఆయన పేరు పెట్టారు. మీరు కూడా మార్కర్ పేరును రోలింగ్ ట్రోఫీకి పెట్టి, ఏటా విజేత పేరును దాని పీట మీద చెక్కించి, ట్రోఫీని హాల్లోనే అద్దాల పెట్టెలో ఉంచండి. విజేత ఇంటికి తీసుకెళ్లడానికి చిన్న కప్పు చాలు.

చివరగా ఆయన క్యూ. విజేతకు ఇవ్వవద్దు. అది ఆయన పిల్లలది. వాళ్లు తమంతట తామే ఇస్తామన్నా, ఏడాది ఆగి మళ్లీ అడగండి. మా మిత్రుడి క్యూను మొదటి ఏడాది వాళ్ల తమ్ముడు ఆవేశంలో విజేతకు ఇచ్చేస్తానన్నాడు. రెండో ఏడాది నాటికి దాన్ని ఇంట్లో దేవుడి గది పక్కన నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు టోర్నమెంటు మొదలయ్యే ఉదయం దాన్ని తెచ్చి, దాంతో మొదటి బ్రేక్ ఒక్కటి కొట్టి, మళ్లీ సంచిలో పెట్టి తీసుకెళతాడు. అతనికి ఆట రాదు. తెల్ల బాల్ ఎటు పోయినా ఆ బ్రేక్‌కు ఫౌల్ పిలవం. మీ దగ్గర కూడా అలా చేయదలిస్తే, బ్రేక్ ఎవరు కొట్టాలో ఆ ఇంటివాళ్లనే తేల్చుకోనివ్వండి. ట్రయాంగిల్‌లో బాల్స్ పేర్చే పని మాత్రం, ఆయన తర్వాత ఆ టేబుళ్లను చూసుకుంటున్న మార్కర్‌కే వదిలేయండి.